జనరల్ కె.వి. కృష్ణారావు చేసిన యుద్ధాలు, చేసిన ఏర్పాట్లు

ఇంటర్ చదువుతూ ఎన్‌డీఏకి (నేషనల్ డిఫెన్స్ అకాడమీకి) ప్రిపేర్ అవుతున్న ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది: "మన శ్రీకాకుళం జిల్లా ఆయన ఒకరు ఆర్మీ చీఫ్ అయ్యారని మా సార్ చెప్పారు. పేరు జనరల్ కృష్ణారావు. కానీ ఆయన టైంలో యుద్ధమే జరగలేదట. మానెక్‌షా గురించి అందరికీ తెలుసు, ఈయన గురించి మా క్లాసులో ఒక్కరికీ తెలియదు. ఇంతకీ ఆయన చేసిన గొప్ప పని ఏంటి?"

బాబూ, నేను మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీలో (కవచ వాహనాల్లో కదిలే పదాతి దళంలో) ఇరవై నాలుగేళ్లు పనిచేసి వచ్చినవాణ్ణి. మాదీ ఆ జిల్లాయే. జనరల్ గారిని నేను దగ్గర నుంచి చూడలేదు. నేను భర్తీ అయ్యేసరికే ఆయన రిటైర్ అయిపోయారు. కానీ నా సర్వీసంతా ఆయన ముందే కాగితం మీద గీసి పెట్టిన సైన్యంలో గడిచింది. ఆ సంగతి నాకు పదేళ్ల సర్వీసు అయ్యాక గానీ తెలియలేదు. అందుకే నీ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపించింది. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదువు.

ముందు ఒక విషయం సరిచేస్తాను. ఆయన చీఫ్‌గా ఉన్నది 1981 జూన్ 1 నుంచి 1983 జూలై 31 వరకు, రెండేళ్ల రెండు నెలలు. ఆ కాలంలో యుద్ధం జరగని మాట నిజమే. కానీ ఆయన యుద్ధం చూడని మనిషి కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో ఉన్నారు. 1947-48 కాశ్మీర్ యుద్ధంలో ఉన్నారు. 1971లో ఒక డివిజన్‌ని తీసుకుని బంగ్లాదేశ్‌లోకి వెళ్లారు (కొన్ని బెటాలియన్లు కలిస్తే బ్రిగేడ్, బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, డివిజన్లు కలిస్తే కోర్). యుద్ధం అంటే ఏమిటో అంత దగ్గరగా తెలుసు కాబట్టే, యుద్ధం లేని రోజుల్లో ఏం చెయ్యాలో కూడా ఆయనకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా దాని గురించే.

పూర్తి పేరు కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1923 జూలై 16న నరసన్నపేట దగ్గర లుకలాంలో పుట్టారు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా అంటూ లేదు, 1950లో విశాఖపట్నం జిల్లా నుంచి విడదీశారు. ఆయనకు కమిషన్ వచ్చిన తేదీ చూడు: 1942 ఆగస్టు 9. తెల్లవారుజామున బొంబాయిలో గాంధీగారిని అరెస్టు చేసిన రోజు, క్విట్ ఇండియా రాజుకున్న రోజు. ఆ రోజునే పంతొమ్మిదేళ్ల తెలుగు కుర్రాడు బ్రిటిష్ వాళ్ల సైన్యంలో అధికారి అయ్యాడు. ఆ తరం భారతీయ అధికారులందరికీ ఈ ఇబ్బంది ఉంది. బయట దేశమంతా ఒక మాట అంటుంటే వాళ్లు వేరే యూనిఫాంలో ఉన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి అదే యూనిఫాం స్వతంత్ర దేశానిది అయింది, దాన్ని నడపగలిగిన చేతులు వీళ్లవే.

ఆయనకు దొరికిన రెజిమెంట్ మహార్ రెజిమెంట్. దీని గురించి నాలుగు మాటలు చెప్పాలి. మహార్లు మహారాష్ట్రలో అంటరానివాళ్లుగా చూడబడ్డ కులం. బొంబాయి సైన్యంలో వాళ్లకు చాలా పాత చరిత్ర ఉంది. కానీ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం పట్టుకుని వాళ్ల భర్తీ ఆపేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అవసరం పడి ఒక పల్టన్ (బెటాలియన్) పెట్టారు, అవసరం తీరాక రద్దు చేశారు. అంబేడ్కర్ గారు ఈ అన్యాయం మీద గట్టిగా పోరాడారు. చివరికి 1941 అక్టోబర్‌లో బెల్గాంలో రెజిమెంట్ మొదలైంది. అంటే కృష్ణారావు గారు రెండో బెటాలియన్‌కి వెళ్లేనాటికి ఆ రెజిమెంట్ వయసు ఏడాది కూడా లేదు. గోడల మీద పాత యుద్ధాల పేర్లు, తాతల నాటి ట్రోఫీలు ఉన్న పల్టన్ కాదు అది. అన్నీ కొత్తగా కట్టుకోవాలి. పైగా సాటి పల్టన్‌ల ముందు తామేంటో నిరూపించుకోవాలన్న కసి ఉన్న జవాన్లు. పేరున్న పాత రెజిమెంట్‌లో చేరినవాడికి, ఇలాంటి చోట చేరినవాడికి చాలా తేడా ఉంటుంది. ఏదైనా మొదటి నుంచి ఎలా కట్టాలి అన్న ఆలోచన ఆయనకు ఇక్కడే పట్టుబడిందని నా నమ్మకం. తర్వాత జనరల్ సుందర్జీ కూడా ఇదే రెజిమెంట్ నుంచి చీఫ్ అయ్యారు. ఆ పేరు మళ్లీ వస్తుంది, గుర్తు పెట్టుకో.

బర్మా, వాయవ్య సరిహద్దు, బలూచిస్తాన్‌లలో పనిచేసి, 1947లో పంజాబ్‌లో ఉన్నారు. తూర్పు నుంచి పడమటికి, పడమటి నుంచి తూర్పుకి లక్షల మంది కదులుతున్న కాలం అది. మహార్ బెటాలియన్లు శరణార్థులకు కాపలా కాశాయి. ఆ వెంటనే కాశ్మీర్.

నువ్వు ఎన్‌డీఏ అంటున్నావు కాబట్టి ఈ ముక్క నీకోసం ప్రత్యేకంగా. 1949 నుంచి 1951 వరకు ఆయన ఎన్‌డీఏలో ఇన్‌స్ట్రక్టర్. అకాడమీ పుట్టినప్పుడు పాఠం చెప్పిన మొదటి తరం వాళ్లలో ఒకరు. ఇప్పుడు అకాడమీ ఉన్న పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో అప్పటికి కట్టడాలు లేవు. డెహ్రాడూన్‌లో క్లెమెంట్ టౌన్‌లో 1949 జనవరిలో జాయింట్ సర్వీసెస్ వింగ్ పేరుతో క్లాసులు మొదలయ్యాయి. మూడు దళాల కుర్రాళ్లకు ఒకేచోట శిక్షణ ఇవ్వడం కొత్త ప్రయోగం. అక్కడ మొట్టమొదటి కోర్సులో ఉన్న ముగ్గురు, రోడ్రిగ్స్, రాందాస్, సూరి, 1991లో ఒకేసారి ఆర్మీకి, నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి చీఫ్‌లుగా ఉన్నారు. అలాంటి విత్తనం నాటిన చోట మన ఊరి మనిషి ఉన్నారు. రేపు నువ్వు ఖడక్‌వాస్లా గేటు దాటితే ఈ విషయం గుర్తు చేసుకో.

ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు త్వరగా చెప్పేస్తాను. మూడో మహార్ బెటాలియన్‌కి కమాండింగ్ అధికారి అయ్యారు, 1965-66లో లడఖ్‌లో బ్రిగేడ్ నడిపారు, 1969-70లో జమ్మూలో 26వ డివిజన్ చూశారు. ఇందులో లడఖ్ సంగతి ముఖ్యం. 1962లో చైనా చేతిలో దెబ్బ తిని అప్పటికి మూడేళ్లే. ఆ ఎత్తుల్లో ఒక రోడ్డు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి అన్నది అక్కడ చలికాలం గడిపినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. సరుకు రాదు, మందుగుండు రాదు, గాయపడ్డవాణ్ణి కిందికి దించడానికి దారి ఉండదు. పదిహేనేళ్ల తర్వాత ఆయన చీఫ్ కుర్చీలో కూర్చుని తీసుకున్న నిర్ణయానికి మూలం ఇక్కడుంది.

1970లో 8వ మౌంటెన్ డివిజన్ కమాండ్‌కి నాగాలాండ్ వెళ్లారు. అక్కడి పని తిరుగుబాటును అదుపు చెయ్యడం. అడవిలో చిన్న చిన్న గస్తీలు, ఊళ్లతో మాటలు, ఓపిక. అలాంటి పనిలో ఉన్న డివిజన్‌ని 1971లో కొండల నుంచి దించి, సరిహద్దు దాటి యుద్ధం చెయ్యమన్నారు. చదివేటప్పుడు ఇది చిన్న వాక్యంలా ఉంటుంది. పనిచేసినవాడికి తెలుస్తుంది దాని బరువు. గస్తీ తిరిగే జవాన్‌కి, ఫిరంగుల మద్దతుతో బంకర్ల మీదికి దాడి చేసే జవాన్‌కి అలవాట్లు వేరు, శిక్షణ వేరు, అధికారి ఆలోచన కూడా వేరు. వారాల్లో ఆ మార్పు తేవాలి.

డివిజన్‌కి అప్పగించిన ప్రాంతం సిల్హెట్. టీ తోటలు, చిత్తడి నేలలు, నదులు. లెఫ్టినెంట్ జనరల్ సగత్ సింగ్ నడిపిన నాలుగో కోర్ కింద ఈ డివిజన్ పనిచేసింది. ఘాజీపూర్, కులౌరా, శంషేర్‌నగర్, మౌల్వీబజార్ ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ వెళ్లారు. ఘాజీపూర్ దగ్గర చేతులతో కలబడే దాకా వచ్చిన పోరాటం జరిగింది, మనవాళ్లు చాలామంది పోయారు.

డిసెంబర్ 7న అసలు ఘట్టం. సిల్హెట్‌లో ఉన్న పాకిస్తాన్ బ్రిగేడ్ ఊరు ఖాళీ చేసి వెళ్లిపోయిందన్న సమాచారంతో, 5వ గూర్ఖా రైఫిల్స్ నాలుగో బెటాలియన్‌ని హెలికాప్టర్లలో నేరుగా సిల్హెట్ పక్కన దించారు. ఘాజీపూర్‌లో దెబ్బలు తిని ఇంకా ఊపిరి తీసుకోని బెటాలియన్ అది. నాలుగు వందల మంది కూడా లేరు. నలభై ఎనిమిది గంటల్లో మిగతా సైన్యం వచ్చి కలుస్తుందని చెప్పి పంపారు. దిగాక తెలిసింది, శత్రువు ఎక్కడికీ పోలేదు. పైగా మౌల్వీబజార్ నుంచి ఇంకో బ్రిగేడ్ కూడా సిల్హెట్‌లోకే వచ్చి చేరింది. రెండు రోజులనుకున్నది తొమ్మిది రోజులు అయింది. తిండి తక్కువ, మందుగుండు తక్కువ. అక్కడ దిగింది ఒక గూర్ఖా బ్రిగేడ్ అని రేడియోలో పొరపాటున ఒక వార్త వస్తే, ఆ పొరపాటునే వాళ్లు ఆయుధంగా వాడుకున్నారు. బ్రిగేడ్ పరిచినంత వెడల్పున విడిపోయి, రాత్రుళ్లు వేర్వేరు చోట్ల నుంచి కాల్పులు జరుపుతూ, తామెంతమందో శత్రువుకు అంతు చిక్కనివ్వలేదు. మందుపాతర మీద కాలు పడితే, ఆ కాలుని తన ఖుక్రీతోనే (గూర్ఖాల వంపు కత్తితోనే) నరుక్కున్న మేజర్ ఇయాన్ కార్డోజో ఆ బెటాలియన్ మనిషే.

హెలికాప్టర్లలో దించాలన్న ధైర్యం సగత్ సింగ్ గారిది. ఆ తొమ్మిది రోజులు నిలబడ్డ ఘనత గూర్ఖాలది. మరి డివిజన్ కమాండర్ పని ఏంటని అడుగుతావు. ముందు దించినవాళ్లను ఒంటరిగా వదిలెయ్యకుండా వాయుసేనతో, ఫిరంగులతో మద్దతు అందేలా చూడటం, రెండు వైపుల నుంచి మిగతా బ్రిగేడ్లను తోసుకుంటూ రావడం, ఈలోపు భయపడి తప్పుడు ఆజ్ఞ ఇవ్వకపోవడం. కింది అధికారి ప్రాణం మీద ఉన్నప్పుడు పైన ఉన్నవాడు ప్రశాంతంగా ఉండటం చిన్న విషయం అనుకోకు. చివరికి సిల్హెట్‌లో ముగ్గురు పాకిస్తాన్ బ్రిగేడియర్లు, వాళ్లతో వేలాది మంది సైనికులు లొంగిపోయారు. ఆ రెండు బ్రిగేడ్లు సిల్హెట్‌లోనే ఇరుక్కుపోవడంతో ఢాకా దారిలో మనవాళ్లకు అడ్డుపడటానికి అవి లేకుండా పోయాయి. ఈ యుద్ధంలో నాయకత్వానికి కృష్ణారావు గారికి పరమ విశిష్ట సేవా పతకం ఇచ్చారు.

నేను ఎక్కువ బరువు పెట్టేది మాత్రం దీని మీద కాదు, 1975 మీద. యుద్ధం గెలిచాక ఏ సైన్యమైనా చేసే పని గెలిచిన తీరునే పట్టుకుని కూర్చోవడం. అప్పటి చీఫ్ జనరల్ రైనా అలా కూర్చోనివ్వలేదు. రాబోయే పాతికేళ్లకు మన సైన్యం ఎలా ఉండాలో తేల్చమని ఒక నిపుణుల కమిటీ వేశారు. ఛైర్మన్ లెఫ్టినెంట్ జనరల్ కృష్ణారావు. అప్పటికి జమ్మూ వైపు ఒక కోర్ నడుపుతున్నారు. సభ్యుల్లో మేజర్ జనరల్ ఛిబ్బర్, మేజర్ జనరల్ సుందర్జీ ఉన్నారు. 2000 సంవత్సరం నాటికి ఎలాంటి ప్రమాదాలు రావచ్చు, ఎలాంటి ఆయుధాలు ఉంటాయి, దేశం ఎంత ఖర్చు భరించగలదు, వీటన్నిటినీ చూసి మరుసటి ఏడాది రిపోర్టు ఇచ్చారు. ట్యాంకులు ముందుకు దూసుకుపోతుంటే పదాతి దళం వెనక లారీల్లో, కాలినడకన రావడం ఇక కుదరదు, వాళ్లు కూడా కవచం ఉన్న వాహనాల్లో ట్యాంకులతో సమానంగా కదలాలి అన్న దిశలో సైన్యం నడవడానికి ఈ ఆలోచనే దారి వేసింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంట్ పుట్టింది. వేర్వేరు పాత రెజిమెంట్ల నుంచి బెటాలియన్లు తీసి ఒక గొడుగు కిందికి తెచ్చారు. దానికి మొదటి కర్నల్ సుందర్జీ.

నేను చేరింది ఆ రెజిమెంట్‌లోనే. అహ్మద్‌నగర్‌లో ట్రైనింగ్ అయి మొదటిసారి బీఎంపీ (మా కవచ వాహనం) వెనక తలుపు తీసి లోపల కూర్చున్న రోజు నాకు ఇంకా గుర్తే. డీజిల్ వాసన, మోకాళ్లకు మోకాళ్లు తగిలేంత ఇరుకు. నడిపేవాళ్లు ముగ్గురు, వెనక ఏడుగురం. మే నెలలో మహాజన్ రేంజ్‌లో ఇసుక మీద పరిగెడుతుంటే లోపల పొయ్యిలో ఉన్నట్టే. కానీ పక్కన ట్యాంకు ఎంత వేగంగా పోతుంటే మేమూ అంతే వేగంగా పోయేవాళ్లం. కాలువ వస్తే నీళ్లలో ఈదుకుంటూ దాటేవాళ్లం. మా పాత సుబేదార్ సాబ్ 1971లో రాజస్థాన్‌లో లారీ ఇసుకలో కూరుకుపోతే గంటల తరబడి తోసిన కథ చెప్పేవారు. ఆ రెండింటి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరో పైవాళ్లు కొన్నారు, మాకిచ్చారు, అంతే అనుకున్నాను. పదేళ్లయ్యాక ప్రమోషన్ కేడర్‌లో రెజిమెంట్ చరిత్ర పాఠం చెబుతూ ఒక అధికారి ఈ కమిటీ సంగతి చెప్పి, "ఛైర్మన్ మీ ఆంధ్రా ఆయనే" అన్నారు. ఊరి పేరు తర్వాత నేనే తెలుసుకున్నాను. మా ఇంటి నుంచి బస్సులో గంట ప్రయాణం.

ఇంకో సంగతి చెబితే నీకు సంతోషం వేస్తుంది. నేను కూర్చున్న బీఎంపీ-2ని సారథ్ పేరుతో తయారు చేసింది మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో, ఎద్దుమైలారంలో. హైదరాబాద్ పక్కనే. తెలుగు మనిషి కమిటీ చూపిన దారిలో, తెలుగు నేల మీద బిగించిన వాహనంలో, శ్రీకాకుళం వాడు రాజస్థాన్ ఎడారిలో తిరిగాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండె నిండుతుంది.

1978లో డిప్యూటీ చీఫ్, 1979లో పశ్చిమ కమాండ్ అధిపతి, 1981లో జనరల్ మల్హోత్రా తర్వాత చీఫ్. 1982 నుంచి మూడు దళాల చీఫ్‌ల కమిటీకి ఛైర్మన్ కూడా. సినిమాల్లో చూసి చీఫ్ అంటే మ్యాపు ముందు నిలబడి దాడి ఆజ్ఞలు ఇచ్చేవాడు అనుకుంటాం. చీఫ్ పనిలో ఎక్కువ భాగం అది కాదు. ఏ సరిహద్దులో ఎంత సైన్యం ఉండాలి, అక్కడికి రోడ్డు ఎప్పటికి పడాలి, ఏ తుపాకీ కొనాలి, ఏ పదవికి ఎవరు తగినవారు, వీటిని ప్రభుత్వం చేత ఒప్పించి డబ్బు తేవాలి. ఫలితం తన పదవీకాలంలో కనిపించదు. పదేళ్లకు, పదిహేనేళ్లకు ఇంకెవరి పేరు మీదో కనిపిస్తుంది.

కృష్ణారావు గారి విషయంలో జరిగింది ఇదే. 1962 తర్వాత చాలా ఏళ్లు మనకు ఒక భయం ఉండేది: చైనా సరిహద్దు దాకా మంచి రోడ్లు వేస్తే, రేపు ఆ రోడ్ల మీదే వాళ్లు లోపలికి వస్తారని. అందుకని సైన్యం సరిహద్దుకు దూరంగా, వెనక కొండల్లో ఉండేది. కృష్ణారావు గారు ఆ ఆలోచనను తిప్పేశారు. లడఖ్, సిక్కిం, అరుణాచల్‌లలో సైన్యం వీలైనంత ముందుకు వెళ్లాలి, రోడ్లు, స్థావరాలు ఏళ్ల తరబడి పద్ధతిగా కట్టుకుంటూ పోవాలి అని ప్లాన్ తయారు చేసి ఇందిరా గాంధీ ప్రభుత్వం చేత ఒప్పించారు. దాని పేరు ఆపరేషన్ ఫాల్కన్. 1986లో తవాంగ్ పైన సుమ్‌దోరోంగ్ చూ లోయలో చైనా సైనికులు వచ్చి కూర్చున్నప్పుడు, అప్పటి చీఫ్ సుందర్జీ గారు జిమిథాంగ్‌కి హెలికాప్టర్లలో బ్రిగేడ్‌ని దించి ఎదురుగా కొండలు పట్టుకున్నారు. దేశం ఆయన్ని పొగిడింది, పొగడాల్సిందే. అలా దూకడానికి కాలు ఆనే చోటు మాత్రం అంతకుముందే సిద్ధమవుతూ ఉంది.

ఆయన కమిటీలోని రెండో మనిషి ఛిబ్బర్ ఉత్తర కమాండ్ అధిపతి అయ్యారు. 1984 ఏప్రిల్ 13న సియాచిన్‌లో మనవాళ్లు శిఖరాలు పట్టుకున్నది ఆయన కమాండ్‌లోనే. అప్పటికి కృష్ణారావు గారు రిటైరై ఎనిమిది నెలలు దాటింది. సియాచిన్ ఘనత ఆయనకు కట్టబెట్టను, అది ఆయనది కాదు. అయితే 1975లో ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు పది పన్నెండేళ్ల పాటు ఈ దేశ సైన్యాన్ని ఎలా నడిపారో చూడు.

ఆయన రిటైర్ అయ్యేటప్పుడు ఒక వివాదం వచ్చింది. సీనియారిటీ ప్రకారం తర్వాతి చీఫ్ వైస్ చీఫ్ ఎస్.కె. సిన్హా అని అందరూ అనుకున్నారు. ప్రభుత్వం ఆయన్ని కాదని లెఫ్టినెంట్ జనరల్ ఎ.ఎస్. వైద్య గారిని ఎంచుకుంది. సిన్హా గారు రాజీనామా చేసి గౌరవంగా తప్పుకున్నారు. చీఫ్‌ని ఎంచుకునే హక్కు ప్రభుత్వానిదే. అయినా సీనియర్‌ని పక్కన పెట్టినప్పుడు కారణం చెప్పకపోతే కింద దాకా అనుమానాలు పాకుతాయి. ఇది నా అభిప్రాయం, సైన్యంలో చాలామంది అభిప్రాయం కూడా.

ఇక గవర్నర్ పదవులు. 1984 జూన్‌లో నాగాలాండ్, మణిపూర్, త్రిపుర మూడింటికీ కలిపి గవర్నర్‌గా వెళ్లి ఐదేళ్లు ఉన్నారు. నాగా కొండల్లో డివిజన్ నడిపిన మనిషి, ఈసారి యూనిఫాం లేకుండా అక్కడికే వెళ్లారు. త్రిపురలో టీఎన్‌వీ (త్రిపుర నేషనల్ వాలంటీర్స్) తిరుగుబాటుదారులతో 1988లో ఒప్పందం కుదిరింది ఆ కాలంలోనే.

1989 జూలైలో జమ్మూ కాశ్మీర్ పంపారు. అంతకంటే కష్టమైన సమయంలో ఎవరూ అక్కడికి వెళ్లి ఉండరు. డిసెంబర్‌లో కేంద్ర హోంమంత్రి ముఫ్తీ మహ్మద్ సయీద్ కూతురు రుబయాని ఎత్తుకుపోయారు. ఐదుగురు మిలిటెంట్లను వదిలితే గానీ ఆమెను వదల్లేదు. అక్కడి నుంచి లోయ చెయ్యి జారిపోయింది. 1990 జనవరిలో ఆయన్ని తప్పించి జగ్‌మోహన్‌ని పంపారు. ఆ ఆరు నెలల్లో గవర్నర్ ఇంకేదైనా చేసి ఆపగలిగేవారా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఎన్నికైన ప్రభుత్వం ఉన్నప్పుడు గవర్నర్ చేతిలో అధికారం తక్కువ అన్నది కూడా అంతే నిజం.

1993 మార్చిలో పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉండగా మళ్లీ ఆయన్నే పంపారు. ఈసారి రాష్ట్రపతి పాలన, కాబట్టి అధికారమూ ఆయనదే, బాధ్యతా ఆయనదే. వయసు డెబ్బైకి దగ్గర. ఆ అక్టోబర్‌లో హజ్రత్‌బల్ దర్గాలోకి మిలిటెంట్లు చేరారు. సైన్యం చుట్టుముట్టింది. నెల రోజులు ఉత్కంఠ. లోపలికి దూసుకెళ్లకుండా, ఆ పవిత్ర స్థలం మీద తూటా పడకుండా నవంబర్ 16న ముగిసింది. ఆ ముట్టడి సాగుతుండగానే అక్టోబర్ 22న బిజ్‌బెహారాలో ఊరేగింపు మీద సరిహద్దు భద్రతా దళం (బీఎస్ఎఫ్) కాల్పుల్లో పదుల సంఖ్యలో మామూలు జనం చనిపోయారు. నేను యూనిఫాం వేసుకున్నవాణ్ణే అయినా ఇది దాచి ఆయన కథ చెప్పలేను. 1995 మే నెలలో చరార్-ఎ-షరీఫ్ దర్గా కాలి బూడిదైంది. లోపల ఉన్న మిలిటెంట్ల నాయకుడు మస్త్ గుల్ తప్పించుకుపోయాడు. పాలనలో అది పెద్ద వైఫల్యం, విమర్శలు ఆయన మీదకు రావడం సహజం.

అదే ఏడాది జనవరి 26న జమ్మూలో మౌలానా ఆజాద్ స్టేడియంలో ఆయన రిపబ్లిక్ డే ప్రసంగం చేస్తుండగా బాంబులు పేలాయి. ఎనిమిది మంది చనిపోయారు. ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. ఆ తర్వాత కూడా పదవి వదిలి రాలేదు, మూడేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. 1996 మేలో లోక్‌సభ ఎన్నికలు జరిగాయి, బలగాలు జనాన్ని బలవంతంగా బూత్‌లకు తెచ్చాయన్న ఆరోపణలు వచ్చాయి. సెప్టెంబర్‌లో అసెంబ్లీ ఎన్నికలు, 1987 తర్వాత మొదటివి. 87 సీట్లలో నేషనల్ కాన్ఫరెన్స్‌కి 57 వచ్చాయి. అక్టోబర్ 9న ఫరూక్ అబ్దుల్లా ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. లోపాలున్నా సరే, తుపాకీ నీడలో ఉన్న రాష్ట్రంలో అధికారాన్ని తన చేతుల్లోంచి ఎన్నికైనవాళ్ల చేతుల్లో పెట్టిన మాజీ సైన్యాధిపతి ఆయన. మన చుట్టుపక్కల దేశాల్లో సైన్యాధిపతులు అధికారాన్ని ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకు తీసుకెళ్లారో నువ్వు చరిత్రలో చదువుతావు. అప్పుడు ఈ తేదీ విలువ తెలుస్తుంది. 1998 మే దాకా గవర్నర్‌గా ఉండి ఢిల్లీ వెళ్లిపోయారు.

మీ క్లాసులో ఎవరికీ ఎందుకు తెలియదు అన్నావు కదా. సిల్హెట్ అంటే సగత్ సింగ్ పేరు, సుమ్‌దోరోంగ్ చూ అంటే సుందర్జీ పేరు, సియాచిన్ అంటే ఛిబ్బర్ పేరు వస్తాయి. ఆ పేర్లన్నీ రావాల్సినవే. వాటి పక్కన ఇంకో పేరు కూడా ఉందని చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువ. తప్పు మనదే. మా ఊళ్లలో ప్రతి వీధికీ ఒక ఫౌజీ ఇల్లు ఉంటుంది. అయినా నేను కూడా ఆ పేరు ఎక్కడో రాజస్థాన్‌లో ఒక క్లాసు గదిలో వినాల్సి వచ్చింది.

ఆయన 2016 జనవరి 30న ఢిల్లీలో కన్నుమూశారు, 92 ఏళ్లు. ఆ వారం మా మాజీ సైనికుల సమావేశంలో రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. మాలో మెకనైజ్డ్ వాళ్లం ముగ్గురమే. బయటికొచ్చాక టీ తాగుతూ మేము మాట్లాడుకున్నదంతా మహాజన్ ఎండ గురించి, ఆ బీఎంపీ గురించే.

పరీక్ష అయ్యాక ఒకసారి నరసన్నపేట దిగి లుకలాం వెళ్లి రా. మీ సార్‌కి కూడా ఆ ఊరి పేరు చెప్పు.